సత్యక్క ఒడి

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. మా సత్యక్క తన హెచ్‌ఐవి మాత్రలు మానేసి, ఆ సంగతి నాకు చెప్పకుండా నవ్వుతా తిరుగుతుందేమోనని. నాకు అన్నగా పుట్టి అక్క అయిన మనిషి. మొన్న ఉప్పళంలో మా ఇంట్లో, నా బిడ్డకి చెవులు కుట్టే సంగతి మీద మేమిద్దరం మాట్లాడుకున్న మాటలివి.

"అట్ల కాదు సుగంధీ, మీ అత్తకి ఏమని చెప్పినావు, ముందు అది చెప్పు."

"ఉన్నదే చెప్పినా. ఆదివారం నా బిడ్డకి చెవులు కుట్టేది మా సత్యక్క ఒడిలోనే అన్నా."

"దానికి మంగళమత్త ఏమనింది?"

"మేనమామ ఒడిలో కదా కుట్టాల, మేనమామ యాడ అనింది."

"మేనమామ చీర కట్టుకొని బీచ్ రోడ్డులో షికారు చేస్తా ఉండాడని చెప్పకూడదా?"

"మామ అయితే ఏంది, పెద్దమ్మ అయితే ఏంది, ఒడి ఒడే కదత్తా అన్నా. సరే, ఒడి ఎవరిదైనా కమ్మలు మాత్రం మేనమామ వరస కిందనే రావాల అనింది."

"అమ్మ! మనిషి మారినా కమ్మలు మారకూడదా? నేను ఇంత కష్టపడి ఆడదాన్ని అయింది కమ్మలు పెట్టుకునేదానికిమే, ఊరోళ్ళకి పెట్టేదానికి కాదు."

"ఊరోళ్ళా? నీ మేనల్లుడు!"

"మేనల్లుడా? ఇప్పుడు పెద్దమ్మని కదా, నాకు కొడుకు వరస. కొడుక్కి కమ్మలు తండ్రి ఇంటోళ్ళే పెట్టాలని మీ అత్తకి చెప్పు."

"ఆమెతో నువ్వే పెట్టుకో. నా వల్ల కాదు."

"చెవులు కుట్టే ఆ ఆచారికి కొత్త సూది తెమ్మని చెప్పినావా? అందరు బిడ్డలకీ గుచ్చిన సూదే జోబీలో పెట్టుకొని వస్తాడు ఆయన."

"చెప్పినా అక్కా. నా కండ్ల ముందర కవరు చించాల అన్నా. సరేలే డాక్టరమ్మా అని నవ్వినాడు."

"నవ్వనీ. నవ్వుకుంటానే చించనీ."

"కాపీ ఆరిపోతా ఉండాది, తాగు. ఏందక్కా ఇది, జాకెట్టు ఇంత వదులు?"

"టైలరు కండ్లు పోయినాయి."

"చిన్నోడు పుట్టినప్పుడు చూసేదానికి వచ్చినావే, అప్పుడు ఇదే జాకెట్టు బిర్రుగా ఉండింది."

"డైటింగుమే. నువ్వొకత్తే అందంగా ఉండాలనా?"

"మాత్ర వేసుకుంటా ఉండావా?"

"ఓ."

"రాత్రి వేసుకున్నావా?"

"మీ ఆయన వెట్రివేలు ఇంకా డ్యూటీ నుంచి రాలా?"

"అక్కా."

"వేసుకున్నా మే! ఊరికంతా చెప్పేదాన్ని నేను. కాలేజీ వాళ్ళ చేతిలో కాండోం పెట్టి, సిగ్గుపడద్దు నాయనా అని చెప్పేదాన్ని. పరీక్షకి భయపడేవాళ్ళని చెయ్యి పట్టుకొని తీసుకుపోయేదాన్ని. నన్నే అడగతా ఉండావే!"

"సరే సరే. చిన్నోణ్ణి కొంచెం ఎత్తుకో. పొయ్యి మీద పాలుండాయి."

"చీర కొత్తదిమే."

"ఇప్పుడే వాడికి గుడ్డ మార్చినా."

"బస్సులో వచ్చినా, చేతులు కడగలా."

"వస్తానే కడిగినావు. సోపు నేనే ఇచ్చినా. ఇదిగో, పట్టుకో."

"మే! సుగంధీ! తీసుకోమే! పడేస్తా!"

"పడెయ్. ఎట్ల పడేస్తావో చూస్తా."

"ఆడుకోవద్దుమే... వేలు పట్టుకున్నాడు చూడు. తీసుకో. నేను మాత్ర వేసుకోవడం లేదు."

"ఏంది?"

"ముందు బిడ్డని తీసుకో."

"తీసుకోను. ఎప్పటి నుంచి?"

"ఆడి నెలలో మానేసినా."

"ఆడి నెల పోయి ఆవణి నెల కూడా అయిపోతా ఉంది, రెండు నెలలు కావస్తాది! ఇంతసేపూ నాకు కమ్మల కథ చెప్తా కూర్చున్నావా?"

"అరవద్దు, వాడు జడుసుకుంటాడు."

"ఎత్తుకుంటే అంటేది కాదని నాకు చెప్పింది ఎవరు? ముద్దు పెట్టుకున్నా అంటదు, ఒక టంబ్లర్లో తాగినా అంటదు అని మా అత్తని కూర్చోబెట్టి పాఠం చెప్పింది ఎవరు?"

"నోటికి తెలుసుమే. ఈ చేతులకి తెలియలా. మాత్ర వేసుకునేటప్పుడు వాటికి ధైర్యం ఉండింది."

"ఎందుకు మానేసినావు? కడుపులో తిప్పిందా?"

"లేదు."

"ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"ఏమీ అనలా. మాత్రలిచ్చే ఆస్పత్రిలో పేరు పిలిచినారు."

"ఏం పేరు?"

"విజయరంగన్."

"అయ్యో. ఇంకా నీ పాత పేరే ఉండాదా అక్కడ?"

"కార్డులో అదే. మునుపుండిన నర్సమ్మ బంగారం. పేరే పిలవదు, నన్ను చూసి తల ఊపుతుంది, నేను పోతా. ఆమెని వేరే చోటికి మార్చేసినారు. ఇప్పుడు వచ్చినాయనకి గొంతులో మైకు. విజయరంగన్! విజయరంగన్ ఉండాడా! నేను చీర సర్దుకొని లేస్తాను. బెంచీల మీద తలకాయలన్నీ ఇట్ల తిరుగుతాయి. ఒకడు ఫొటో తీసేదానికి ఫోను కూడా ఎత్తినాడు. ఆ పొద్దు మాత్రలు తీసుకోకనే వచ్చేసినా. మళ్ళీ పోలా."

"పేరు మార్చమని అడగకూడదా?"

"అడిగినా. ఆ కాగితం తే, ఈ కాగితం తే అంటా ఉండారు. అయ్యేటప్పుడు అవుతుంది."

"అంతదాకా?"

"అంతదాకా డైటింగు."

"జోకులు వద్దక్కా. మానేస్తే లోపల జబ్బు మళ్ళీ పెరిగిపోతుందని నువ్వే కదా అందరికీ చెప్పేది? నువ్వు పోతే నాకు ఎవరుండారు చెప్పు."

"ఏడవద్దుమే. పోయేదైనా ఆదివారం కమ్మలు పెట్టినాక పోతాలే."

"రేపు పోదాం."

"యాడికి?"

"ఆ బెంచీకి. నేనొస్తా, చిన్నోడూ వస్తాడు. ఆపినావని వాళ్ళు తిడితే ముగ్గురం తిట్టించుకుందాం. ఆయన ఆ పేరు పిలిస్తే నువ్వు లేవద్దు. నేను లేస్తా."

"నువ్వా?"

"నేనే విజయరంగన్ అంటా."

"చంకలో బిడ్డ, మెడలో తాళి. బాగుండాడు విజయరంగన్!"

"మీసం యాడ అని అడిగితే బిడ్డ పీకేసినాడంటా."

"అయ్యో నా తల్లీ! నవ్వించద్దుమే, వాడు ఒడిలో ఎగిరెగిరి పడతా ఉండాడు."

"నేను నవ్వేదానికి చెప్పలా అక్కా. లేస్తా."

"సుగంధీ, నా మాట విను. ఆ బెంచీల మీద మన ఉప్పళం వాళ్ళు కూడా ఉంటారు. నీకే ఆ జబ్బు అని వీధంతా అనుకుంటారు. మంగళమత్త చెవిదాకా పోతుంది."

"అనుకోనీ. వాళ్ళు నన్ను చూస్తా ఉండే సందులో నువ్వు లోపలికి పో అక్కా."

చదివేవాళ్ళకి ఒక మాట. బాగుండావా అంటే నవ్వి మాట దాటేసే మనిషి మీకు తెలిసినవాళ్ళలో ఒకరుంటారు. ఈ పొద్దే వాళ్ళింటికి పోండి. పక్కన కూర్చొని, ఒకసారి గట్టిగా అడిగి చూడండి.