కువైట్ గీజరుకి డొక్కల వాసన

ఏవిటీ, గీజరు వేడెక్కడం లేదా? మెకానిక్కుకి ఫోను చేస్తావా? ఆగమ్మా బుజ్జీ, ఆ ఫోను పక్కన పెట్టి ఇలా కూర్చో. గీజర్ల సంగతి ఈ తాతకి తెలిసినట్టు రాజోలు తాలూకాలో ఇంకెవడికీ తెలీదు. తాలూకా ఏవిటి, జిల్లాలోనే తెలీదు.

అప్పటికి మీ నాన్న ఇంటరు చదువుతున్నాడు. మీ మామ్మ తమ్ముడు, అదే, మీ కువైట్ తాత, అక్కకి మోకాళ్ళనొప్పులని విని, సెలవుకొస్తూ ఓ గీజరు పట్టుకొచ్చేడు. మా ఊళ్ళో అదే మొట్టమొదటి గీజరు. రాజోలు బస్టాండు నించి ఇంటిదాకా ఒక్కణ్ణే నెత్తిన పెట్టుకుని తెచ్చేను. ఎందుకలా నవ్వుతావు? సరే, రిక్షాలో తెచ్చేను. వంతెన ఎక్కలేకపోతే వెనకనించి తోసింది మాత్రం నేనే!

బిగించిననాడు చూడాలి, పెరట్లో బాత్రూము ముందు తీర్థానికొచ్చినట్టు జనం. స్విచ్చి వేసేను, ఎర్రలైటు వెలిగింది. ఇంక నా నోరు ఊరుకుంటుందా? మా అమ్మనాటి రాగి బాయిలరుండేది, కొబ్బరిడొక్కలు, అవే పీచుడొప్పలు, వేసి మంటపెట్టేది. పక్కింటి ఎస్తేరు టీచరుగారిని పిలిచి, "తీసుకెళ్ళమ్మా, ఇకనించీ మా ఇంట్లో పొగ అన్నమాటే ఉండదు" అని అందరిముందూ దానం చేసిపారేసేను.

"పిన్నిగారిని ఓ మాట అడగండి బాబాయిగారూ" అందావిడ.

నేనా? అడగడమా?

మీ మామ్మ ఒక్కటే అంది. "ఏవండీ, దానికి నూతినీళ్ళే పొయ్యండి. బోరునీళ్ళు ఉప్పగా ఉంటాయి." వింటానా? బోరునీళ్ళెక్కే ట్యాంకుకే కలిపించేను. ఆర్నెల్లు తిరక్కుండా నీళ్ళు చల్లబడ్డాయి. మీ మామ్మ గుడికెళ్ళిన వేళ చూసి మెకానిక్కుని పిలిపించేను. విప్పితే లోపల కాయిలు చుట్టూ గారెపిండి తట్టినట్టు తెల్లగా ఉప్పు. "కాయిలు పోయిందండి. ఈ రకం ఇక్కడ దొరకదండి, ఆయ్" అనేసి వాడి దారిన వాడు పోయేడు.

ఇంక నాకు కుదురేదీ? పెరట్లోకీ వీధిలోకీ కాలుగాలిన పిల్లిలా తిరిగేను. తెల్లారితే ఆవిడ మోకాళ్ళమీద వేణ్ణీళ్ళు పడాలి, లేకపోతే మెట్టు దిగలేదు. ఇచ్చిన బాయిలరు వెనక్కి అడిగితే ఊరు నవ్వుద్ది. నిజం చెబితే, నా తమ్ముడు తెచ్చింది ఆర్నెల్లకే తగలేసేరా అని ఆవిడ నవ్వుద్ది.

మర్నాడు మసకవెలుతుర్లో మా రెండిళ్ళ మధ్య దడిలో ఓ కొబ్బరిమట్ట పక్కకిలాగి టీచరుగారి పెరట్లో తేలేను. "రెండు బకెట్లు వేణ్ణీళ్ళమ్మా. మీ పిన్నిగారికి తెలీకూడదు సుమా!" ఆవిడ నవ్వాపుకుని, "ఆయ్, అలాగేనండి" అంది.

ఇంక రోజూ అదే. రెండు చేతులా రెండు బకెట్లు, చుక్క తొణక్కుండా దడి దూకి... దూకలేదులే, దూరి వచ్చేవాణ్ణి. గీజరు స్విచ్చి వేసే ఉంచేవాణ్ణి. నీళ్ళు కాగకపోయినా ఎర్రలైటు మాత్రం దివ్యంగా వెలిగేది. "రావే, నీ తమ్ముడి గీజరు మరిగించేసింది!" అని కేకేసేవాణ్ణి. కుక్క మొరిగితే ఉలికిపాటు. టీచరుగారు మీ మామ్మతో నోరు విప్పితే చాలు, మధ్యలో దూరిపోయేవాణ్ణి. భుజాలు చూస్తే పచ్చిపుళ్ళు.

అలా నెల్లాళ్ళు నెట్టుకొచ్చేను. అప్పుడో గాలివాన వచ్చింది. మర్నాడు కూడా యథాప్రకారం కేకేసేను. మీ మామ్మ వచ్చి బకెట్లో చెయ్యి పెట్టి చూసింది.

"ఏవండీ, నిన్న పొద్దుట్నించీ కరెంటు లేదు కదండీ?"

అయినా నేను తగ్గుతానా? "ఫారిన్ సరుకే! రెండ్రోజులు వేడి నిలవుంటది!"

ఆవిడ నీళ్ళలోంచి ఓ పోగు తీసి చూపించింది. "మరి ఈ కొబ్బరిపీచు కూడా కువైట్ నించే వచ్చిందాండీ?"

మొదటిరోజే తెలుసుట! నీళ్ళు డొక్కలపొగ వాసన వేసేయట. "మరి చెప్పవేం?" అన్నాను. నా మొహం చూళ్ళేదు, ఆ పీచుకేసే చూస్తూ అంది. "పెళ్ళయి ఇరవయ్యేళ్ళయింది. మీరు నాకోసం నీళ్ళు మొయ్యడం ఇదే మొదలండి. చెబితే మానేస్తారేమోనని."



ఆ సాయంత్రం, వీధంతా చూస్తుండగానే వెళ్ళి, టీచరుగారిని బాయిలరు అడిగేను. ఆవిడ దాన్ని దడిపక్కకి జరిపించింది. రెండిళ్ళకీ అవే నీళ్ళు. మోత మాత్రం... మోత నాదేలే.

ఇందాకట్నించీ లేస్తున్నాను, కూర్చుంటున్నాను, ఎందుకనుకున్నావు? వంటింట్లో గ్యాసుమీద నీళ్ళు పెట్టేను. కాగేయి. ఏదీ, ఆ బకెట్టు ఇలా ఇయ్యి. గీజరు పాడయిందని మీ మామ్మతో అనకేం. ఆవిడకి తెలుసని నాకూ తెలుసు, అయినా అనకు. ఆ మెకానిక్కుని ఓ నాలుగురోజులాగి పిలుద్దాం.

నీకూ బకెట్టు మోసే మొగుడే దొరకాలి తల్లీ, నూరేళ్ళూ మోయించుకుంటూ... తప్పుకో, తప్పుకో, తొణుకుతాయి.