గేటు పక్కన వంట

బోట్స్వానాలో పశువుల గాలికుంటు జబ్బును ఆపడానికి వేసిన కంచె గేటు అది. కాపలావాడు బస్సు ఆపి ఒక పెద్దావిడ సంచి తెరిపించాడు.

“పచ్చి మాంసం దాటకూడదమ్మా. అడవిదున్నల జబ్బు అవతలి మందలకు అంటుకుంటుంది. ఇక్కడే పూడ్చెయ్యాలి.”

“బాలింత కూతురి కోసం ఎద్దును కోయించింది పూడ్చడానికా? నిన్న కంచె విరగ్గొట్టి పోయిన దున్నలనూ ఇలాగే ఆపావా నాయనా?”

“వాటిని ఆపితే నన్నే పూడ్చాల్సొస్తుంది. అదే వండిన మాంసమైతే వదిలేద్దును.”

ఆ మాట చాలు ఆమెకు. బస్సు మీంచి తన మూడుకాళ్ళ ఇనపకుండ దింపించి, గేటు పక్కనే పుల్లలు ఏరసాగింది.

“ఇక్కడ వండుతారా? ఉడికేసరికి సాయంత్రమవుతుంది. బస్సు ఆగదమ్మా.”

“పోనీ. రేపటి బస్సూ ఈ గేట్లోంచేగా పోవాలి. నీ గోతికి మాత్రం ఒక్క ముక్క ఇవ్వను. ఉప్పు మర్చిపోయాను, నీ దగ్గరుంటే పట్రా.”