ఎండ తగలొద్దన్నరు సారూ

గట్ల మీద మీదికి రాకుండ్రి సారూ, ఆ పిల్ల మొహం చూస్తే మీరే జడుసుకుంటరు. చూసిన్రా? నేను చెప్పలే?

ఎన్నిసార్లు చెప్పాలె, అది మీ టియర్ గ్యాస్ కు కాలింది కాదు. లేజర్! నిన్న రాళ్లు పడ్డప్పుడు నా మనవరాలు క్యాంపస్ మొహమే చూడలే. మొటిమలు పోయి చెంపల నిండ గుంటలు పడ్డయి. బస్సుల కిటికీ దిక్కు తిరిగి కూసునేది ఎప్పుడూ. తార్నాకల డాక్టరమ్మ పైతోలు కాల్చి తీసింది. కింద కొత్తది వస్తదట.

గింత ఎర్రగ ఉంటదా అంటరా? ఉంటదన్నది. మొదలు మంట, వాపు. కండ్లు మూసుకపోతయి. నీరు కారి పక్కు కడతది. దాన్ని గీకొద్దు, ఎండనియ్యొద్దు, మలాం పూస్తనే ఉండాలె. వారం పది రోజులకు పక్కు రాలినా ఎరుపు నెలలకొద్ది ఉంటదట. అన్నిటికన్న చెడ్డది ఎండ సారూ! ఎండ తగిలితే నల్లమచ్చలు పడి ఉన్న మొహం గూడ పాడయితది.

గుమ్మానికి వేపమండలా? పక్కింటి ప్రమీలమ్మ కట్టింది, అమ్మవారు పోసిందనుకొని. మీ జవాన్లు అవి చూసి గడప బయటనే ఆగిన్రు. నేను గూడ అమ్మవారే అంటే దండం పెట్టి పోతుంటిరి. నా నోరు ఊకుంటదా? రాత్రిబడిల అక్షరాలు దిద్దినోన్ని, లేని అమ్మవారిని ఉన్నదంటనా? ఉన్నదున్నట్టు చెప్పిన. లాలాగూడ రైల్వే వర్క్‌షాపుల పనిచేసిన ముసలోని ఇంట్ల లేజరేందని మీరు నవ్వితిరి.

అరే, ఆగమ్మా! లాగకు! సారూ, మీ లేడీ కానిస్టేబులుకు చెప్పుండ్రి. ఆ చేయి మొహానికి తగిలితే చీము పడ్తది. మిట్టమధ్యాహ్నం జీపెక్కిస్తరా? రాళ్ల కేసు పెడితే ఆ పిల్లకు నౌకరి ఎవడిస్తడు?

సింధూజా, నువ్వు మాట్లాడకు బిడ్డా. పక్కు పగుల్తది.

సారూ, ఈ ఇంట్ల నుంచి ఒకరు రాయి వేసిన్రని మీకు చెప్పినోడు అబద్ధమాడలే. మీరే ఒకరికి బదులు ఒకరిని పట్టిన్రు. క్యాంపస్ గేటు కాడ పోరగాండ్లను గొడ్లను బాదినట్టు బాదుతుంటే చూడలేకపోయిన. జై తెలంగాణ అని నేనే విసిరిన. ఇగో, ఈ భుజం లేస్తలేదు. మీ లాఠీనే, గుర్తుపట్టుండ్రి.

నవ్వుతరేంది? ముసలోనికి రాయి విసరరాదా?

వదిలిన్రా పిల్లను? మంచిది. ఆ తలుపు దగ్గరికెయ్యుండ్రి, లోపలికి ఎండ పడ్తున్నది.

పోదాం పాండ్రి. నా మొహానికి ఎండ ఏం చేస్తది?