రెండు గంజుల ఓటు

"తాతా, నేను ఎకనామిక్స్ తీస్కున్న అంటె ఎందుకట్ల నవ్వినవ్?"

నవ్వనా మరి? ఆ మాట ఇంటె నాకు గల్ఫుల నేను పనిజేసిన రువైస్ క్యాంపు ముసలాయన యాదికొస్తడు బిడ్డా. ఇటలీ ఆయన. మా ముదీర్ ఉండె గద, అంటె క్యాంపుకు మేనేజరన్నట్టు, ఆయన తండ్రి. సలికాలం కొడుకు దగ్గర ఉండిపోదామని వచ్చిండు. నేను డ్రైవర్‌ను. ఆయనను అబుదాబి దాక తోల్కపోయి తోల్కరావాలె, గంటల తరబడి ఇసుకనే. ఏం జేస్తం, ముచ్చట్లు పెట్టుకునేటోళ్ళం. ఆయనది ఇంగ్లీషు, నాది హిందీ. అయినా నడిచింది.

ఆయన కాలేజీల గిదే సదువు చెప్పెటోడట. రొట్టె ధర ఎందుకు పెరుగుతదని బుక్కులు గూడ రాసిండు. వాళ్ళ దిక్కు ప్రపంచ లడాయి వచ్చినంక పెండ్లాంతోని రొట్టె కోసం లైన్ల నిలవడ్డడు. ఇన్ని రాసిన గని లైన్ల ఎన్నడు నిలవడలేదు గదా అని సిగ్గయిందట. అందుకే లడాయి ఒడిసినంక ఓట్లల్ల నిలవడి మంత్రి అయిండు. అటెన్క ధర ఇంకింత పెరుగుతది, ఓర్సుకోండ్రని ఉన్నదున్నట్టు చెప్పి ఓడిపోయిండు. మన దిక్కు అప్పుడు బియ్యం ఎంత అగ్గువనో... ఆఁ, అది వద్దు తియ్యి.

ఏం చెప్తున్న? ఆఁ, మా క్యాంపుల పొయ్యిల ముచ్చట. రూముల స్టవ్వుల మీద వంతులవారిగ వండుకునేటోళ్ళం. అన్నం వండి, మీ నాయినమ్మ పంపిన చింతపండుతోని పచ్చిపులుసు జేసి పోపేస్తె, అబ్బ! నిప్పంటుకుంటదని ముదీర్ పొయ్యిలు ఖలాస్, ఇగ బంద్ అన్నడు. ఇగ అందరికి మెస్సే. ఆ సప్పిడి కూర, ఖుబూస్ రొట్టె తినలేక నేను, మా రూంల ఉండె సాయిలు ఇంటికే పోదామనుకున్నం. పోతె మీ నాయిన సదువెట్ల? ఏడుపొచ్చేది.

ముసలాయనకు చెప్పిన. ఓటు పెడుదామని కొడుకును ఒప్పించి అందరిని నిలవెట్టిండు. మెస్సు కావాల్నన్నోళ్ళు చేతులెత్తుండ్రి అన్నడు. ముదీర్ ముంగటనే ఉండె, ఎట్ల కాదంటం? అందరం ఎత్తినం. మీ వంట మీకు కావాల్నా అన్నడు. పెద్దమనిషి అడుగవట్టె, ఆయన మనసు కష్టపెట్టొద్దు గద. మళ్ళ అందరం ఎత్తినం! నేను గూడ. ముసలాయన నవ్వి నవ్వి కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు.

శుక్రవారం రెండు పెద్ద వంట గంజులు పక్కపక్కన పెట్టిచ్చిండు. ఒకటి మెస్సు కూర, ఒకటి మెస్సు పొయ్యి మీదనే మేం చేసిన పచ్చిపులుసు. "చేతులెత్తకుండ్రి, తినుండ్రి" అన్నడు. మొహమాటపడతమని కొడుకును తీస్కొని అవతలికి వోయిండు. వాళ్ళొచ్చేసరికి మా గంజు అడుగంట ఊడ్సుకపోయింది. మెస్సుదాని మూత గూడ ఎవ్వరు తియ్యలే. ముదీర్ రెండు గంజులల్లకు తొంగి సూశిండు. వారం తిరిగేసరికి రూములకు దూరంగ రేకుల షెడ్డు ఏపిచ్చిండు, మా వంటకు.

"ఓడినంక గెలిసిన ఓటు గిదొక్కటే" అన్నడు ముసలాయన, మా పక్కన కింద కూసొని పచ్చిపులుసు జుర్రుకుంట. కారానికి ముక్కు ఎర్రగయింది పాపం. ఆ షెడ్డుల ఎన్నేండ్లు తిన్ననో బిడ్డా, కడుపు నిండిన కాలమది.

మంచిగ సదువుకో. నూరేండ్లు సల్లగుండు. రేపు పెద్ద ఆఫీసరైనవనుకో, చేతులెత్తుండ్రని అడుగకు, ఎవ్వరు నిజం చెప్పరు. గంజులల్లకు తొంగి సూడు... అవునే, ఇంతకు నువ్వు తిన్నవా?