కుందేలు గుర్తు

సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రి గది. మంచం మీద ఇంటర్ చదివే నీహారిక, పక్కన తల్లి నాగజ్యోతి. తండ్రి యుగంధర్ అప్పుడే బయటి నుంచి ఒక షేవింగ్ క్రీమ్ ట్యూబ్‌తో వచ్చాడు.

"గ్రీన్ చుక్క ఉంది గదా బిడ్డా. ఇగో, సూడు."

"ఆ చుక్క ఉంటే లోపల మాంసంది ఏం కలపలేదని, నాన్నా. జంతువుల మీద పూసి చూడలేదని కాదు. దానికి కుందేలు గుర్తుండాలె."

"రెండూ ఒకటే కాదా?"

"కాదు. కుందేలుకు బొచ్చు గీకి, ఆ తోలు మీద పూస్తరు. మండుతదా లేదా అని చూస్తరు. గోక్కుందామన్నా దానికి రాదు."

"సరే, సరే. చెప్పకు."

"ఎన్ని షాపులు తిరిగారండీ?"

"కార్ఖానా ఏరియాల ఉన్న షాపులన్నీ తిరిగిన జ్యోతీ. బొల్లారం దాంక పోయిన. కుందేలు గుర్తున్న షేవింగ్ క్రీమ్ అంటే నవ్వుతున్నరు. ఒకాయనైతే పిల్లల సామాన్లు అటు అని చెయ్యి సూపిచ్చిండు."

"ఆన్‌లైన్‌లో?"

"ఎల్లుండి వస్తదట. ఆపరేషనేమో రేపు పొద్దుగాల."

"నీహా, ఒక్కసారికే కదమ్మా. గుండు గీసే హరికిషన్ ఇందాకట్నుంచి బయట కూర్చున్నాడు. ఆయన దగ్గరున్న సబ్బుతో..."

"వద్దు. ఉత్త నీళ్లతోటి గీయమను."

"గాటు పడితే ఆపరేషన్ ఆపేస్తామంది నర్సు. విన్నావుగా."

"జుట్టు తీస్తరు. తల తెరుస్తరు. గడ్డ మొత్తం వస్తదో రాదో డాక్టర్‌కే తెల్వదు. ఏదన్నా నన్నడిగిన్రా? నేను ఈ ఒక్కటే అడుగుతున్న."

"మరి నువ్వేసుకునే మందులు మాత్రం..."

"జ్యోతీ, ఊకో."

"తెలుసు నాన్నా, చెప్పనియ్యి. మందులు సుత గట్లనే వచ్చినయి. అవి వద్దంటే నేనుండ. సబ్బు వద్దంటే ఉంటా కదా."

"సరేలేమ్మా. సబ్బు వద్దులే."

"ఏడ్వకమ్మా. నేను ఏడుస్తున్ననా?"

"లేదులే. కంట్లో ఏదో పడింది."

"నాన్నా, ఇగో నా లిప్ బామ్ డబ్బా. మూత మీద కుందేలు స్టిక్కర్ ఉంది సూడు. గిదే గుర్తు. తీస్కపోయి సూపియ్యి."

"ఇయ్యి. మౌలాలి దిక్కు పోయొస్తా. జ్యోతీ, హరికిషన్‌ను జెర ఆగమను."

"ఎండలో మళ్లీనా?"

"ఈడ కూసోని ఏం జేయాలె నేను?"

*

"దొరికింది బిడ్డా."

"నిజంగా? ఏదీ?"

"ఇగో క్రీమ్. ట్యూబ్ మీద కుందేలు. మంచిగుంది సూడు."

"ఏ షాపుల నాన్నా?"

"గదే... మౌలాలి కమాన్ కాడ. చిన్న షాపు. పేరు యాదికి లేదు."

"నా లిప్ బామ్?"

"అది... బండి మీద వస్తుంటే జేబులకెళ్లి పడ్డట్టుంది బిడ్డా. ఇంకోటి తెస్తా తియ్యి."

"చేతికిచ్చిన డబ్బా కూడా జాగ్రత్తగా..."

"పడ్డది జ్యోతీ. పడ్డదంటున్న గదా."

"పోనీ అమ్మా. నాన్ననేం అనకు."

"బిడ్డా, ఇది... మంచిదే గదా?"

"మంచిదే. మస్తుంది. చెమటకు అంగీ మొత్తం తడిసింది సూడు, ఎంత తిరిగినవో."

"ఏం తిరుగుడు బిడ్డా. గడ్డనైతే నేను తీయలేను. డాక్టర్ ముంగట నిలబడితే నోట్లకెళ్లి మాటే వస్తలేదు. నా తోటి అయ్యేది ఇదొక్కటే ఉండె. ఇది సుత తేకపోతే ఇగ తండ్రెందుకు?"

"తెచ్చినవ్ కదా. పో, హరికిషన్‌ను పిలువు."

"పిలుస్తా. భయమైతుందా?"

"ఇప్పుడైతే లేదు. పో."

"చూశావా మీ నాన్న మొహం? నిన్ను ఇక్కడ చేర్చాక ఇవాళే కాస్త తెరిపిన పడ్డారు."

"చూసిన. అమ్మా, ఆ ట్యూబ్ నువ్వే పట్టుకో, హరికిషన్ చేతికియ్యకు. క్రీమ్ నువ్వే తీసియ్యి."

"అదేంటే? ఎందుకు?"

"దాని మీది కుందేలు నా లిప్ బామ్ డబ్బా మూత మీది స్టిక్కరే. తడి తగిలితే ఊడొస్తది. నాన్న ముంగట ఊడొద్దు."