వెనకసీట్లు మడిచాక

ఊమెయో ఊళ్లోని కార్ల షోరూములో ఓ ముసలాయన బూట్లు విప్పి, ఖరీదైన కారు వెనకసీట్లు మడిపించి, లోపల పడుకుని చూశాడు. కార్లమ్మే అమ్మాయి నవ్వాపుకుంది.

"కాళ్లు ముడుచుకోవాల్సొస్తోందమ్మా."

"దీని సోకు వేరండీ. ఆ పక్కది వట్టి సంసారుల బండి."

"అదీ చూడనీ."

అందులో ఆయన ఓ అంచుకి ఒదిగి కాళ్లు బార్లా చాపాడు.

"ఇది బావుంది. వేసవంతా సరస్సుల ఒడ్డున బండిలోనే పడుకుంటాం."

"మరి అంచునెందుకూ? మధ్యకి జరగండి."

"అటు గుడ్రున్ పడుకుంటుంది. మా ఆవిడ."

"అయితే ఆవిణ్ణీ తీసుకురావాల్సిందండీ."

"నిరుడు చలికాలంలో పోయిందమ్మా."

ఆ అమ్మాయి మొదటి కారు తలుపు మళ్లీ తెరిచింది.

"ఒక్కరికైతే మొదటిదే నయం కదండీ. కాస్త ఐమూలగా పడుకుంటే కాళ్లు చక్కగా పడతాయి."

"వద్దులే, ఇదే ఇప్పించు. ఐమూలగా పడుకుంటే కాళ్లు తనకి తగులుతాయి."