కొట్టేసిన కొలత

హలో… ఆ, నేనేనే. నా షాపు ఫోను నేను కాక ఇంకెవరెత్తుతారు. చెప్పు పిచ్చుకా.

…

పట్టట్లేదా? ఎక్కడ, నడుం దగ్గరా?… ఛాతీ దగ్గరా? నీకా?

…

నవ్వలేదే. దగ్గొచ్చింది.

…

సరే, నవ్వాను. ఇంతకీ జిప్పు ఎక్కడిదాకా వచ్చింది?… సగం దాకానే. ఊపిరి బయటికి వదిలి ఓసారి లాగి చూడు… ఊహూఁ, చాలు చాలు, ఇంక లాగకు. అది ఊడితే మళ్ళీ నేనే వెయ్యాలి. మీ ఆయన్ని పిలిచి కాస్త— ఓ, నిద్రపోతున్నాడా. పోనీలే పాపం, ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే కదా దొరికేది.

విడ్డూరంగా ఉందే. నువ్వే కదా చెప్పావు, అక్కా, ఆపరేషన్ తర్వాత కూడా వేసుకోవాలి, లోపల గుడ్డ ఎక్కువ వదులు అని. రెండు పక్కలా బోలెడు వదిలాను. కానీ పెరగాల్సింది పదకొండో తారీఖు తర్వాత కదా. ఇవాళ అయిదే. ఆపరేషన్ కాకముందే—

ఆగాగు. ట్రయల్ రూంలోకి వెళ్తా… టీచరమ్మ గారూ, మీ కర్టెన్లు అయిపోవచ్చాయి, రెండు నిమిషాలు కూర్చోండి… ఆ, పరదా వేశాను, చెప్పు. ఆవిడ ముందు రొమ్ములు పెద్దవి చేసే ఆపరేషన్ అన్నానంటే రేపు బడి గంట కన్నా ముందు ఈ వార్త మోగుతుంది.

…

చూశానే నీ చార్టు. పొద్దున పంపావుగా. డిపోలో బస్సులకి టైంటేబుల్ వేసే చెయ్యి అక్కడితో ఊరుకుంటుందా. పదకొండున ఆపరేషన్, పచ్చరంగు. తర్వాత ఆరు నెలలు పసుపురంగు. ఆ తర్వాత నీలం రంగులో 'గర్భం' అని ఒకే ఒక్క గడి. ఒక్క నెలేనా?

…

పక్కది రిజర్వు నెలా. బాగుంది. పుట్టేదానికి ప్లాట్‌ఫారం నంబరు కూడా వేశావా, లేక అది వచ్చాక మైకులో చెప్తావా?

…

వెక్కిరింత కాదే తల్లీ. డాక్టరమ్మ ఏమందో మళ్ళీ ఓసారి చెప్పు, తిన్నగా… ఆ… ఆపరేషన్ ముందైతే, కనీసం ఆరు నెలలు ఆగి గర్భం. బిడ్డ ముందైతే, పాలు మాన్పించి, ఇంకొన్ని నెలలు ఆగి ఆపరేషన్… ఆవిడకి ఏది నయం అనిపిస్తుందో అడగలేదా?… అడిగావు. బిడ్డ ముందైతే మంచిదంది. కడుపుతో ఆకారం మారుతుంది, చేసిందే మళ్ళీ చెయ్యాల్సి రావచ్చంది. మరి పాల సంగతి?… చాలామందికి ఇబ్బంది ఉండదు, కొందరికి తగ్గొచ్చు, ముందే మాట ఇవ్వలేనంది. ఆవిడెవరో నాకు నచ్చింది. నేనూ డెలివరీ తేదీ ముందే మాట ఇవ్వను. బట్టల డెలివరీ.

…

నా పుస్తకంలో కూడా అదే ఉందే. కొలతల పుస్తకం. బేకరీ ఆవిడ పేజీ చూడు కావాలంటే. పెళ్ళికి ముప్ఫై నాలుగు. ఏడో నెలకి ముప్ఫై ఎనిమిది. పాలిచ్చేటప్పుడు నలభై. పిల్లాడు నడిచేసరికి ముప్ఫై మూడున్నర. ఒక్క మనిషికి నలుగురి కొలతలు. మధ్యలో ఎప్పుడైనా గట్టి కుట్టు వేశానా? కచ్చా కుట్టు వేసి ఊరుకున్నా. అన్నీ అయ్యాక అప్పుడు—

…

అరవకు. మీ ఆయన లేస్తాడు.

…

ఆపరేషన్ నాకిష్టం లేదని నేనెప్పుడన్నాను?… ఇదంతా నా మాట వల్లేనా?… ఏ మాట?

…

నేనా?

…

నీ పదిహేనేళ్ళప్పుడు. నీ స్నేహితురాలి పుట్టినరోజుకి కుట్టిన గౌను… ఆకాశం రంగుది. గుర్తుంది. గౌను గుర్తుంది, మాట గుర్తులేదు. ఏమన్నాను?

…

'దీనికి డాట్లు కూడా వెయ్యక్కర్లేదు, చొక్కాలా తిన్నగా కుట్టెయ్యొచ్చు.'

…

అందరి ముందూనా?… పిన్ని వాళ్ళు కూడా ఉన్నారా. నవ్వారా.

…

లేదే, వింటున్నా. ఉన్నా ఇక్కడే.

అప్పుడే మిషనెక్కిన రోజులు. ఛాతీ దగ్గర గుండ్రం రావడానికి గుడ్డ మడిచి కుట్టే ఆ డాట్లు సరిగ్గా పడక రోజూ విప్పి కుట్టేదాన్ని. వాటితో పని లేదని సంబరపడి అనేసుంటాను. … అబ్బే, సమర్థించుకోవట్లేదు. నీ ఒంటి గురించి అందరి ముందూ నేనలా అనకూడదు. తప్పే. నాదే తప్పు. నిజంగా, పిచ్చుకా. క్షమించు.

…

పదిహేడేళ్ళు కడుపులో పెట్టుకుని కూర్చున్నావా? నేను కుట్టిన ప్రతి డ్రెస్సులోనూ లోపల మెత్తలు పెట్టమన్నావు. పెట్టాను. ఎందుకే అని ఒక్కసారి అడగలేదు. ఊరందరి ఒళ్ళూ కొలుస్తాను, చెల్లెలి మనసు కొలవడం చేతకాలేదు.

…

సరే, సినిమా డైలాగే. అయినా నిజమే అన్నాను. ఏడవకు, జిప్పు అక్కడే ఇరుక్కుంటుంది.

…

హమ్మయ్య, నవ్వావు.

ఇదిగో విను. ఆపరేషన్ వద్దనను. నీ ఒళ్ళు, నీ ఇష్టం. ముందా వెనకా అన్నదొక్కటే నా గొడవ. … ఊఁ. … ఊఁ. మీ ఆయనేమంటాడు?… నీ ఇష్టం అంటాడా. కూరలో ఉప్పు సరిపోయిందా అన్నా అదే అంటాడు. మంచివాడు, పాపం.

ముందు ఆ డ్రెస్సు సంగతి తేలుద్దాం. ఇన్నేళ్ళలో నా చేతి కొలత తప్పలేదు, నీకెలా తప్పుతుందో చూస్తా. నీ పేజీ తీస్తున్నా… నడుం ఇరవై ఆరు. భుజం పద్నాలుగు. ఛాతీ… ఛాతీ…

…

ఉన్నానే. ఇక్కడేదో కొట్టేసి ఉంది.

…

నేనే కొట్టేశాను. పోయిన ఆదివారం. ముందు ముప్ఫై మూడు రాశాను. దాన్ని కొట్టేసి ముప్ఫై రెండు వేశాను.

…

ఎందుకంటే నువ్వెప్పుడూ ముప్ఫై రెండే కాబట్టి. నీ పెళ్ళికీ అంతే, నిరుడూ అంతే. కితకితలని మెలికలు తిరుగుతున్నావుగా, టేపు జారిందనుకున్నా. పాత నంబరు వేసి, దానికే కత్తిరించాను. టేపుని నమ్మకుండా నా జ్ఞాపకాన్ని నమ్మాను. ఇలాంటి పని ఇంకే ఆడమనిషికీ చెయ్యను, సొంత చెల్లెలివని చేశాను.

…

మెత్తలా? తీసేసే కొలిచాను. … ఆ. … ఆ రోజు నువ్వింకోటి కూడా అన్నావు. 'అక్కా, మెల్లగా, నొప్పి' అన్నావు. నేను గట్టిగా లాగాననుకున్నా. టేపు తగిలితే నొప్పేంటే?

…

ఇంకా ఉందా?… రెండు వారాలుగానా. ఆపరేషన్ భయంతో. ఓహో. భయానికి అక్కడ నొప్పి పుడుతుందని ఇప్పుడే వింటున్నా.

పిచ్చుకా. నీ చార్టు ఫోన్లో తెరిచా. నెలనెలా ఎర్ర చుక్కలు పెడతావు కదా కింద. పోయిన నెల చుక్కేదీ?

…

టెన్షన్ వల్ల లేటా. ఎన్ని రోజులు?

…

పన్నెండు.

ఏమే, పన్నెండు నిమిషాలు బస్సు లేటైతే డ్రైవర్ని పిలిచి సంజాయిషీ రాయించుకుంటావు. పన్నెండు రోజులు లేటైతే టెన్షన్ అని ఊరుకున్నావా?

…

జాగ్రత్తగానే ఉన్నారు. ఎప్పుడూ?… ఒక్కసారి తప్ప. ఎప్పుడు?… ఆ పెద్ద వాన రోజు. బస్సులన్నీ ఆగిపోయి, నువ్వు డిపోకి వెళ్ళకుండా ఇంట్లోనే— చాలు చాలు, మిగతాది నాకొద్దు.

…

ఆపరేషన్‌కి ముందు ఇంట్లో పరీక్ష చేసుకు రమ్మన్నారు కదా ఆసుపత్రివాళ్ళు. ఆ కిట్టు కొన్నావా?… ఎక్కడుంది?… అయితే ఇప్పుడే చెయ్యి.

…

తెలుసే, చార్టులో పదో తారీఖు ఉదయం ఏడింటికని ఉందని. ఆ కిట్టుకి నీ చార్టు తెలీదు. పద.

…

ఫోన్ పెట్టెయ్యకు. నన్నూ తీసుకెళ్ళు. … ఎక్కడ పెట్టావు, సబ్బుపెట్టె పక్కనా? నీళ్ళల్లో పడెయ్యకు. … నేను చెవులు మూసుకుంటా, కానీ.

…

…

టీచరమ్మ గారూ, వచ్చేస్తున్నా అండీ… కాదండీ, ఎవరికీ ఒంట్లో బాగా లేక కాదు. మా చెల్లికి డ్రెస్సు బిగుతైంది, అంతే.

…

ఆ, చెప్పు. … ఒక్క గీతేనా. … సరే. … సరేలే. పోనీలే, పదకొండున వెళ్దువు గాని, నేనూ వస్తా. … నీ గొంతేంటి అలా ఉంది? గీత ఒకటైతే నీకు కావలసిందేగా. … నీకే తెలీట్లేదా.

ఇంతకీ మూడు నిమిషాలయ్యాయా?… రెండేనా. టైము చూసే మనిషివి నువ్వా నేనా. దాన్ని గట్టు మీద పెట్టి అలాగే ఉండు. కదపకు.

…

ఏం మాట్లాడను. నీతోపాటు చూస్తున్నా.

…

పిచ్చుకా?

…

ఉన్నావా?

…

రెండా.

…

రెండోది లేతగా ఉందా, ముదురుగా ఉందా?… లేతదైనా గీత గీతే. వెలుతురులోకి తీసుకెళ్ళి చూడు… ఆ. అయితే అంతే. … కూర్చో ముందు. కూర్చున్నావా? ఊపిరి తీసుకో. ఆ జిప్పు దించెయ్, పాపం ఇద్దరికీ ఇరుకు.

…

ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా?… రెండూనా. రానీ. నాకూ అలాగే ఉంది.

…

తెలుసు. ఆపరేషన్ పోయిందని. … ఎందుకు సిగ్గు? పదిహేడేళ్ళు అనుకున్నది, ఆరు రోజుల దూరంలోకొచ్చి ఆగింది. బాధ ఉండదా? బిడ్డొచ్చిందన్న సంతోషం ఉంటే ఇది ఉండకూడదని ఎవరన్నారు. నాకు చెప్పు, ఇంకెవరికీ చెప్పక్కర్లేదు.

…

ఊఁ.

…

రేపు పొద్దున్నే డాక్టరమ్మకి ఫోన్ చెయ్యి. రద్దు అనకు, వాయిదా అను. బిడ్డ పుట్టి, పాలు మానేసి, నీ ఒళ్ళు ఒక కొలతకొచ్చి నిలబడ్డాక, అప్పటికీ కావాలనిపిస్తే తేదీ నువ్వే వెయ్యి. నీకనిపిస్తేనే. నేనెప్పుడో వాగిన మాట కోసం కాదు. ఆ రోజు ఆసుపత్రికి నీ సంచి నేను మోస్తా. బిడ్డని మీ ఆయన చూసుకుంటాడు. ఏమన్నా నీ ఇష్టం అనేవాడికి బిడ్డలు బాగా మాలిమి అవుతారు.

…

డ్రెస్సా? డిపో ఫంక్షన్ గురువారం కదా, రేపు తీసుకురా. లోపల బోలెడు గుడ్డుంది. నువ్వు పచ్చరంగు గడి కోసం వదిలించావు, నీలం గడికి పనికొచ్చింది. విప్పి వదులు చేస్తా. ఇంకో నెలకి మళ్ళీ విప్పుతా, ఆ పై నెలకి మళ్ళీ. గుడ్డ అయిపోతే అతుకు వేస్తా.

…

డాట్లా?

…

వేస్తానే. రెండు పక్కలా వేస్తా. ఆ ఆకాశం రంగు గౌనుకి వెయ్యకుండా ఎగ్గొట్టినవి కూడా కలిపి వేస్తా. ఇక ఏడవకు, ప్లీజ్, ఇక్కడ నాకు పుస్తకం తడుస్తోంది.

…

రాస్తున్నా, ఆగు. తేదీ వేశాను. ఛాతీ, ముప్ఫై మూడు. రేపు మళ్ళీ కొలిచి సరిచేస్తా. పెన్సిల్‌తోనే రాశాను. ఇక నుంచీ నీ పేజీ అంతా పెన్సిలే.

…

చార్టు తర్వాత దిద్దుకోవచ్చు. ముందు ఆ మనిషిని లేపు. … ఏం చెప్పాలో తెలీట్లేదా? ఏం చెప్పక్కర్లేదు, ఆ కిట్టు చేతిలో పెట్టు. గీతలు లెక్కపెట్టడం వచ్చుగా.

…

ఆ. … నేనూ. … నేనూనే. వెళ్ళు.

…

పెట్టేసిందా?… లేదు, చెప్పులు వినిపిస్తున్నాయి. … పిచ్చుకా, ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉందే. … లేపుతోంది. … మీ ఆయన గొంతే అది. … ఏమన్నాడు? నాకు సరిగ్గా వినపడలేదు. … 'నీ ఇష్టం' అనలేదు కదా?

…

సరే, ఇంక నేను వినకూడదు. పెట్టేస్తున్నా.